ట్యాంకు మూత మీది మర

"దీని దుంపతెగ! మళ్లీ ఆగింది." మోకాలిలోతు నీళ్లలో నిలబడి, పడవ వెనకున్న పాత ఇంజను మూత తీశాడు భర్త. "నిన్నమొన్నటిదాకా మీ అమ్మ నోరులా ఆడేది కదే!"

ఒడ్డున నిలబడ్డ భార్యకి నవ్వు రాలేదు.

పెట్రోలు ట్యాంకు ఇంటి నుంచి మోసుకొచ్చేది ఆమే. దారిలో ఒలక్కుండా మూత మీది చిన్న మరను బిగిస్తుంది. పడవలో పెట్టాక వదులు చేస్తుంది. ఆమధ్య చేపల వేటలో ఓ పెద్ద కెరటం ఆయన్ని పడవ మీంచి సముద్రంలోకి విసిరికొట్టినప్పటి నుంచి, వదులు చేయడం మానేసింది. ట్యాంకులోకి గాలి పోకపోతే పెట్రోలు దిగదు. ఇంజను కాసేపు ఆడి ఆగిపోతుంది.

ఆయన ప్లగ్గు తుడిచాడు. కార్బొరేటర్ విప్పి ఊదాడు. ట్యాంకు జోలికి మాత్రం పోలేదు. ఇంజను తాడు లాగీ లాగీ అరచెయ్యి చిట్లి నెత్తురొచ్చింది.

ఆ నెత్తురు చూసేసరికి ఆమె ప్రాణం ఉసూరుమంది. "ఉండండి, ట్యాంకు సరిగ్గా జరుపుతాను" అంటూ వెళ్లి, కొంగు చాటున మర వదులు చేసింది.

ఈసారి ఒక్క లాగుకే ఇంజను అందుకుంది. పడవ బాణంలా పోయింది. పెద్ద కెరటాలు మొదలయ్యేచోట చప్పుడు ఆగిపోయింది. ఆపే బొత్తాం ఆయనే నొక్కడం ఆమెకు ఒడ్డు నుంచి కనిపించింది.

తెడ్డు వేసుకుంటూ తిరిగొచ్చాడు. ఆమె ముఖంలోకి చూడకుండా మెల్లగా అడిగాడు.

"ఆ మర ఎందుకు వదులు చేశావే?"