గ్లాసు మీది గీత

"ఆ క్యాను ఇట్లియ్యి. ఇంగ చాలు."

చిన్నపుల్లయ్య గొంతు తగ్గించే అన్నాడు. కింద వీధిలో ఇరాక్ సైనికులు ఇళ్లు సోదా చేస్తున్నారు.

ఫర్వానియాలో, గల్ఫ్ పనికొచ్చిన ఆ కడపవాళ్ల గదికి పెద్ద అతనే. మంచం మీద పెంచల్ వణికిపోతున్నాడు. లేని మనుషులెవరో పిలుస్తున్నారని అతనికి ఎప్పటినుంచో భయం. ఆ భయం అణచుకోవడానికి దొంగసారా మరిగాడు. ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగాక రెండూ ముదిరాయి.

సత్యప్రసాద్ కోనసీమవాడు. ఫింటాస్‌లో తన గది లూటీ అయితే, తలదాచుకోవడానికి వారం కిందట ఇక్కడికొచ్చాడు. వచ్చిన రోజే, పెంచల్ తాగే సారా క్యానును తన చేతిలోకి తీసుకున్నాడు. టీ గ్లాసు మీద పెన్నుతో గీత గీసి, పూటకింతని పోసేవాడు. రోజూ ఆ గీత కొంచెం కిందికి దిగేది. పోసినప్పుడల్లా పక్కన కూర్చుని, ఎవరు పిలిచారు, ఏమన్నారని అడిగి ఓపిగ్గా చెప్పించేవాడు.

తాగుబోతుకు తాగుబోతు తోడయ్యాడని గదంతా మండిపడింది. గ్లాసులో తగ్గినదంతా సత్యప్రసాద్ కడుపులోకే పోతోందని తేల్చేశారు కూడా. మనవాళ్లకు తీర్పులు చెప్పడానికి యుద్ధం అడ్డమా?

"ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుందండి. ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టండి. ఆ భయాన్నీ ఈ తాగుడునీ కలిపే చూడాలండి," అన్నాడు సత్యప్రసాద్.

బూట్ల చప్పుడు మెట్ల దాకా వచ్చింది.

"ఇది దొరికితే అందర్నీ కాల్చేస్తారు. నువ్వు తాగేదానికి మా పానాలు ఇయ్యాల్నా? లేసి పో."

క్యాను తీసుకెళ్లి పాయిఖానాలో ఒంపేశారు. సత్యప్రసాద్ పెంచల్ తల నిమిరి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. కిటికీలోంచి చూస్తే, సైనికులు అతన్ని లారీ ఎక్కిస్తున్నారు. చిన్నపుల్లయ్య తెర లాగేశాడు.

మర్నాడు మధ్యాహ్నం పెంచల్‌కు ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రికి మోసుకెళ్లేసరికే ఊపిరి ఆగిపోయింది.

అక్కడ ఇంకా మిగిలిన ఒక్క డాక్టరు, హైదరాబాదు మనిషి అబ్దుల్ ఖుద్దూస్, జరిగిందంతా అడిగాడు. గ్లాసు మీది గీత సంగతీ చిన్నపుల్లయ్య చెప్పాడు.

"మందులు లేనప్పుడు మేము గూడ అట్లనే కొంచెం కొంచెం తగ్గిస్తం," అన్నాడు డాక్టరు. "పేరేంది ఆయనది?"

"సత్యప్రసాద్. కోనసీమ. డాక్టరా సార్ ఆయప్ప?"

డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"కాదు, నాలుగేండ్ల కింద ఇవే రెండు జబ్బులతోటి నా వార్డుల పండుకున్న పేషెంటు; అప్పటి సంది ఒక్క చుక్క నోట పెట్టలే."