అడిగేవాళ్ళు లేని దీవి

"ఒక్కదానివే వస్తాండావా మా?"

మూడు రోజుల్లో ఇది నాలుగో ఫోను. ఎస్తర్‌కు ఒళ్ళు మండిపోయింది.

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆమె హెడ్ నర్సు. డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా అడిగేవాళ్ళే. డాక్టరు ఎప్పుడొస్తాడు, సెలైన్ అయిపోయింది చూడు సిస్టర్, మా నాయన బతుకుతాడా. ఇంటికి పోతే చెల్లెళ్ళు, చర్చికి పోతే పాస్టరమ్మ. పదకొండేళ్ళుగా జవాబులు చెప్పీ చెప్పీ పాపం ఆమె నోరు అరిగిపోయింది.

అందుకే ఈ ప్లాను. జమ్మలమడుగు దాటినాక రిజర్వాయరు నీళ్ళ మధ్య ఒక దిబ్బ మిగిలింది. ఒకప్పుడు ఊరు, ఇప్పుడు చిన్న దీవి. ఎవరో దాని మీద నాలుగు డేరాలు వేసి బాడుగకు ఇస్తున్నారు. రెండు రోజులు, ఒక్క మనిషి, ఒక డేరా. ఎవరూ ఏమీ అడగకూడదు. ఆమెకు కావలసింది అంతే.

ఇంత ముచ్చటపడి బుక్ చేసుకుంటే, ఆ దీవి నుంచే ఒక ముసలి గొంతు తగులుకుంది.

"అవునప్పా, ఒక్కదాన్నే. మీకేం నొప్పి?"

"కోపం చేసుకోవద్దు తల్లీ. తోడు ఎవురన్నా ఉంటే..."

"లేరు."

"పోనీలే. పడమటి పక్క నీళ్ళల్లోకి మాత్రం..."

"నేను ఈత కొట్టేదానికి రావడం లేదు పెద్దాయనా. పండుకునేదానికి వస్తాండా!"

ఫోను పెట్టేసి, అదే ఊపులో డేరాల ఓనరు కార్తీక్‌కు కొట్టింది.

"మీ ముసలాయన నన్ను పోలీసు మాదిరి విచారిస్తాండాడు. ఇట్లయితే నేను రాను. రివ్యూ కూడా అట్లే పెడతా."

"సారీ మేడమ్. ఆ కాటమయ్యతో రోజూ ఇదే గోల. రేపట్నుంచి ఆయప్ప దీవి మీద ఉండడు. నాది గ్యారంటీ."

మాట నిలబెట్టుకున్నాడు.

శనివారం పొద్దున ఎస్తర్ బస్సు దిగి, ఆటో దిగి, పడవ ఎక్కింది. పడవ నడిపే జాఫర్ బ్యాగు అందుకున్నాడు తప్ప పేరు కూడా అడగలేదు. దీవి మీద టీ డేరా ముందుకే వచ్చింది. తెచ్చిన మనిషి గ్లాసు పెట్టి, తల వంచుకుని పోయాడు. కార్తీక్ అందరికీ గట్టిగానే చెప్పినట్టుంది.

మధ్యాహ్నం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. లేచి, ఇంత సుఖం ఉందని తెలియక ఇన్నేళ్ళు పాడు చేసుకున్నానే అనుకుంది.

ఎండ తగ్గాక నడుచుకుంటూ పడమటి పక్కకు పోయింది. నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. అడుగున రాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. చుడీదారు పైకి మడుచుకుని దిగింది. చిన్న చిన్న చేపలు కాళ్ళను పొడుస్తుంటే ఒక్కతే నవ్వుకుంది. ఎదురెండకు కళ్ళు చిట్లించుకుని పది అడుగులు వేసింది. పదకొండో అడుగుకు కింద నేల లేదు.

మునిగింది. చేతికి ఒక రాయి అంచు తగిలింది. పట్టు జారుతుండగా ఎవరో జబ్బ పట్టి బయటికి ఈడ్చారు. పడవ కట్టేస్తున్న జాఫర్ ఎప్పుడు పరిగెత్తి వచ్చాడో ఆమెకు తెలియదు.

"బావి అక్కా. గోడ లేని సేద్యపు బావి. అరవై అడుగులు."

వందల చావులు చూసిన నర్సు, ఒడ్డున కూచుని తన నాడి తానే పట్టి చూసుకుంది.

"బోర్డు పెట్టల్ల కదన్నా!"

"పెడితే గిరాకీ రాదంటాడు ఓనరు. ఐనా మనిషే ఉండె కదా, బోర్డు ఎందుకు? కాటమయ్య పొద్దస్తమానం ఈ బండ మీదే కూచునుండేవాడు. పోయినేడు ఒక పిల్ల, నీ మాదిరే ఒక్కతే వచ్చి, దీంట్లోనే పోయింది. తోడు లేదు గదా, మరుసటి దినం దాకా ఎవురికీ తెలీలే. అప్పట్నుంచే ఆయప్ప ఈడ కూచునేది, ఒంటరిగా వచ్చేవాళ్ళకంతా ముందే ఫోను చేసేది. ఎవురో కంప్లైంటు ఇచ్చినారంట, ఓనరు ఎల్లగొట్టినాడు."

ఎస్తర్‌కు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఆ ఇచ్చింది నేనే అన్నా. ఆయన్ను పిలిపించు. తప్పు నాదని చెప్పుకుంటా."

"యాడని పిలిపిచ్చేదక్కా? పులివెందుల పక్క చీనీ తోటల్లో కాపలాకు పోయినాడంట. ఏ తోటో, ఏమో."

అయినా ఆ నంబరుకు చేసింది. ఎత్తింది కార్తీక్. ఫోను ఆఫీసుదట.

"చెప్పండి మేడమ్. ఇప్పుడు ఎవరూ మిమ్మల్ని ఏం అడగడం లేదు కదా?"

బావి సంగతి చెప్పింది. కొంచెం చూసి నడవాలి మేడమ్, అన్నాడు.

ఆమె లేచి ఒక కర్ర తెచ్చి, బావి అంచున గుచ్చాలని చూసింది. రాతినేల, దిగలేదు. రాళ్ళు పేర్చి నిలబెట్టింది. అలకు ఒరిగి, తేలుతూ పోయింది.

"వచ్చే ఆదివారానికి ఇంకో ఆయమ్మ బుక్ చేసింది," అన్నాడు జాఫర్. "ఆయమ్మా ఒక్కతేనంట."

ఎస్తర్‌కు ఏం చేయాలో తోచలేదు. తడిబట్టలతోనే ఆ బండ మీద కూచుంది.

"ఆయనకు జీతం ఎంత ఇచ్చేవాళ్ళు?"

"జీతమా? ఓనరు ఇస్తానన్నా తీసుకోలే. ఈడ కూచోనిస్తే చాలనేవాడు."

"మరి ఆయనకేం పట్టింది, ఇంత ఎండలో?"

జాఫర్ బావి పక్కకు చెయ్యి చూపించాడు.

"ఊరు ఖాళీ చేసేటప్పుడు బావులన్నీ పూడ్చి పొమ్మన్నారక్కా. అందరూ పూడ్చినారు. ఊర్లో బోర్లన్నీ ఎండిన ఏడు కూడా నీళ్ళిచ్చిన బావి ఇది. దీంట్లో మన్ను పోసేదానికి చేతులు రాక, ఒక్క రైతు మాత్రం అట్లే వదిలేసి పోయినాడు. ఆ రైతే కాటమయ్య."