మొగిలికొండ చెట్టు

ఆ రోజుల్లో చెట్ల శాస్త్రీయ నామాలను కూడా వేలంలో అమ్మేవారు. వేపకు సబ్బుల కంపెనీ పేరుండేది, చండ్రకు ఎవరో మంత్రిగారి మనవడి పేరు.

కొత్త చెట్టుకు తన పేరు పెట్టించుకోవాలని బిల్డర్ పానకాలరావు, దాన్ని కనిపెట్టిన హైమావతి ఇంటికొచ్చాడు. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు.

"వేలానికి ముందే పేరు శాస్త్ర పత్రికలో అచ్చేయించేశానండీ. ఇక మారదు."

"ఎవరి పేరమ్మా?"

"ఎవరిదీ కాదు, అది పుట్టిన చోటుది. మొగిలికొండెన్సిస్."

"మొగిలికొండా? ఎక్కడుందది?"

హైమావతి అప్పుడు తలెత్తింది. ఆ జాతిలో ఇప్పుడు మిగిలింది ఆమె దాచిన ఎండుకొమ్మ ఒక్కటే.

"మీరు చదును చేయించి విల్లాలు కట్టారే, ఆ కొండేనండీ. పాడుచేసిన చోటు పేరైనా తెలుసుకోరా?"