పొడుగు ముక్క కోసం

"ఆ తలుపు వంక ఎంత చూసినా వాళ్ళు తీసినప్పుడే తీస్తారండీ. కాసేపు ఇది పట్టుకోండి," అంటూ పక్క కుర్చీలో ఉన్నావిడ ఒక చిన్న బూడిదరంగు డబ్బాను టైలరమ్మ ఒళ్ళో పెట్టింది.

టైలరమ్మ ఉలిక్కిపడింది. ఎదురుగా ఆపరేషన్ థియేటర్ తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. లోపల ఉన్నది ఆమె తమ్ముడు. బైకు మీంచి పడ్డాడు, తలలో రక్తం గడ్డకట్టిందన్నారు. మరదలికి నెలలు నిండాయి. ఇల్లు కదలొద్దని ఆమెకు గట్టిగా చెప్పి తనొక్కతే పరుగెత్తుకొచ్చింది. అమ్మ పోయినప్పటి నుంచి వాణ్ణి పెంచింది తనే.

"ఏంటండీ ఇది?"

"వీడియో గేము. మావారిది. మాకు పిల్లల్లేరు లెండి, ఆ లోటు తెలియకుండా ఆయనే పిల్లాడు." ఆవిడ నవ్వింది. కళ్ళు మాత్రం వాచి ఎర్రగా ఉన్నాయి.

"రాత్రంతా ఇదే ఆడారా ఏంటి?"

"దీన్ని పట్టుకుంటే నిద్రెక్కడిది? ఇదిగో, పైనుంచి ముక్కలు పడుతుంటాయి. ఈ మీట పక్కకి జరుపుతుంది, ఇది తిప్పుతుంది. సందు లేకుండా వరస నిండితే ఆ వరస మాయమవుతుంది. అంతే."

ఆస్పత్రిలో ఆటలేమిటని టైలరమ్మకు ఒళ్ళు మండింది. అయినా మొహమాటానికి మీట నొక్కింది. ఓ చదరపు ముక్క దిగింది, వెనకే ఓ వంకర ముక్క. అది ఎటు తిప్పాలో తేలేలోగా ఇంకోటి నెత్తి మీదికొచ్చింది. చూస్తుండగానే తెర నిండిపోయి ఆట ఆగిపోయింది.

"అప్పుడే అయిపోయిందా?"

"మొదటిసారి ఎవరికైనా అంతే. మళ్ళీ నొక్కండి."

రెండోసారికి ఏదో పట్టు దొరికింది. చాలీచాలని గుడ్డ మీద చొక్కా చేతులూ కాలరూ ఇరికించి గీతలు గీయడం తనకు రోజూ ఉన్న పనే. కాకపోతే గుడ్డ ఆగి ఉంటుంది, ఇవి ఆగవు. తొలి వరస టక్కున మాయమైనప్పుడు ఒంట్లో ఏదో జిల్లుమంది. ఆ ఒక్కటీ మళ్ళీ చూద్దామనుకుంది. తర్వాత ఇంకొక్కటి.

నర్సు బయటికొచ్చి ఎవరినో పిలిచింది. హాల్లో అందరి తలలూ ఒక్కసారి లేచాయి. పక్కావిడ మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. "దాన్ని ఎడమకి జరపండి, ఎడమకి," అంది.

ఎంత రాతిగుండె అనుకుంది టైలరమ్మ. "మీవాళ్ళెవరు లోపల?"

"మావారేనండీ."

"ఎలా ఉంది?"

"చాలా బాధపడ్డారు. ఇప్పుడు నొప్పేం లేదు. సాయంత్రంలోపు పంపిస్తామన్నారు. మా బావగారు బండి తీసుకొస్తున్నారు."

అదృష్టవంతురాలు, అందుకే ఇంత కులాసా, అనుకుని టైలరమ్మ మళ్ళీ డబ్బాలోకి తల దూర్చింది. ముక్కలు జోరందుకున్నాయి. ఆమె ఓ కొసన సన్నని సందు వదిలి మిగతా అంతా ఎత్తుగా పేర్చుకొచ్చింది. నిలువుగా పొడుగు ముక్క ఒక్కటి పడితే చాలు, నాలుగు వరసలూ ఒక్క దెబ్బకి పోతాయి. అది తప్ప అన్నీ వస్తున్నాయి.

"దేవుడా, ఒక్క పొడుగు ముక్క పంపించు," అంది పైకే.

ఆ మాట తన చెవినే పడి కొయ్యబారిపోయింది. పొద్దుట్నుంచి ఆ దేవుణ్ణి తమ్ముడి ప్రాణం తప్ప ఇంకేమీ అడగలేదు. ఇప్పుడు అదే నోటితో ఏం అడిగింది? లోపల వాడి తల కోస్తుంటే తను ఇక్కడ ముక్కలు పేరుస్తోందా? గోడగడియారం చూసింది. ఎంతసేపు ఆడిందో అప్పుడు తెలిసింది. డబ్బాను ఆవిడ ఒళ్ళోకి విసిరినట్టు పెట్టేసింది.

"ఛీ, నేనేం మనిషిని. లోపలున్న తమ్ముణ్ణి మర్చేపోయాను."

"మర్చిపోలేదండీ. కాసేపు ఏడవలేదు, అంతే. దానివల్ల మీ తమ్ముడికి తక్కువైందేముంది?"

"మీకేం, ఎన్నయినా చెబుతారు. హాయిగా మీ ఆయన్ని తీసుకుని ఇంటికెళ్ళిపోతున్నారు."

ఆవిడ డబ్బాను కొంగుతో తుడిచింది. "అవును, వెళ్ళాలి," అంది. తర్వాత డబ్బాను మళ్ళీ టైలరమ్మ చేతిలో పెట్టి, వేళ్ళు తనే మీటల మీదికి సర్దింది. "ఆ ముక్క వస్తుంది. ఆడండి."

వచ్చిందో లేదో టైలరమ్మకు గుర్తు లేదు. ఎర్రదీపం ఆరింది. డాక్టరు మాస్కు కిందికి లాక్కుంటూ వచ్చాడు. "గడ్డ తీసేశాం. స్పృహలోకి వస్తున్నాడు. అక్కా అని పిలుస్తున్నాడు, మీరేనా?"

టైలరమ్మ భోరుమంది. పక్కావిడ ఆమెను గట్టిగా కావలించుకుంది. ఆవిడ ఒళ్ళంతా వణికిపోతోంది. ముక్కూ మొహం తెలియని మనిషి తన సంతోషానికి ఇంతలా కదిలిపోవడం చూసి, ఇందాక అన్న మాటకు టైలరమ్మ సిగ్గుపడింది.

హాలు చివర తలనెరిసిన పెద్దాయన కనిపించగానే ఆవిడ లేచింది. "మా బావగారు వచ్చారు. తమ్ముణ్ణి జాగ్రత్తగా చూసుకోండి," అని గబగబా వెళ్ళిపోయింది.

డబ్బా చేతిలోనే ఉండిపోయిందని టైలరమ్మ ఆలస్యంగా గమనించింది. వెంట పరుగెత్తింది గాని నడవా ఖాళీగా ఉంది. బల్ల దగ్గర నర్సును అడిగింది.

"ఇందాక నా పక్కన కూర్చున్నావిడ ఎటు వెళ్ళారు? వాళ్ళాయన్ని డిశ్చార్జి చేశారు కదా."

నర్సు ఆమెను వింతగా చూసింది. "లోపల గదిలో కూర్చోమని ఎన్నిసార్లు చెప్పానో ఆవిడకి. మీరొక్కరే ఉన్నారని, మీ తమ్ముడు బయటికొచ్చేదాకా కదలనంది."

"ఎందుకు, లోపల కూర్చోవడం?"

నర్సు గొంతు తగ్గించింది.

"ఆయన పొద్దున్నే పోయారండీ."