ఏడో నంబరు రక్తం

“సీసా మార్చింది మీరే సిస్టర్. ఇంకెవరూ ముట్టుకోలేదు.”

డాక్టర్ ఛాయాదేవి పరీక్ష ఫలితాల కాగితాన్ని బల్ల మీద అవతలికి తోసింది. నర్సు రెబ్కా దాన్ని అందుకోలేదు. అందులో ఏముందో పొద్దుటి నుంచి నాలుగుసార్లు చూసింది.

1985 మార్చి. ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి. నెలసరి తప్పిపోయి, గడ్డం మీద వెంట్రుకలు మొలిచి, అండాశయాల్లో నీటితిత్తులున్న ఆడవాళ్ళ మీద ఛాయాదేవి రెండేళ్ళుగా పరిశోధన చేస్తోంది. వాళ్ళని అందరూ పిల్లలు పుట్టని కేసులుగా చూస్తారు. ఆమె అనుమానం వేరు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది, సరిగ్గా పనిచెయ్యదు. అందుకని ఒళ్ళు ఇంకా ఇంకా తయారుచేస్తూ పోతుంది.

ఆ అనుమానం పుట్టింది ఊరి చివర షాదరా నుంచి వచ్చిన గౌరి వల్ల. ఆ పిల్ల మెడ వెనక చర్మం నల్లగా, మందంగా ఉండేది. “రోజూ అత్తగారు శెనగపిండితో రుద్దుతారు దీదీ. మురికి వదలడం లేదు” అని ఏడ్చింది.

“అది మురికి కాదు. ఇన్సులిన్ ఎక్కువై వచ్చిన నలుపు” అని చెప్పి, ఆ పిల్ల అత్తగారిని పిలిపించి మరీ చీవాట్లు పెట్టింది ఛాయాదేవి. ఆ రోజు నుంచి రెబ్కాకి ఆమె అంటే గురి.

ఇప్పుడు ఆమే తనని దొంగలా చూస్తోంది.

రోగుల రక్తం రెబ్కా తీసేది. పోల్చి చూడడానికి ఆరోగ్యంగా ఉన్న ఇరవై మంది రక్తం కూడా కావాలి. వాళ్ళని ఛాయాదేవే వెతికి, వేరే గదిలో రక్తం తీయించి, నంబర్లు వేసి పంపేది. పేర్ల పుస్తకం ఆమె బీరువాలో ఉండేది. ఆ రక్తంలోంచి పైన తేలే సీరం వేరుచేసి, చిన్న సీసాల్లో పోసి, ఫ్రీజర్లో పెట్టడం రెబ్కా పని.

పంతొమ్మిది మందికి ఇన్సులిన్ మామూలుగా వచ్చింది. ఏడో నంబరుకి నాలుగింతలు వచ్చింది.

“ఏడో నంబరు సన్నగా ఉంటుంది. మెడ మీద నలుపు లేదు. సుగర్ లేదు. అంత ఎలా వస్తుంది?” అంది ఛాయాదేవి.

“సీసాలు మారితే రోగుల్లో ఎవరికో తక్కువ రావాలి కదండీ. ఒక్కరికీ తక్కువ రాలేదు.”

ఛాయాదేవి కాగితాన్ని ఫైల్లో పెట్టేసింది. శనివారంలోగా తేలకపోతే నిర్లక్ష్యమని సర్వీసు పుస్తకంలో రాస్తారని మాత్రం చెప్పింది. రెబ్కాది పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఆ సాయంత్రం బస్సులో తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్న రెబ్కా, జనక్‌పురిలో దిగాల్సిన స్టాపు దాటిపోయాక గాని లేవలేదు.

మర్నాడు మిగిలిన సీరంతో మళ్ళీ పరీక్ష చేశారు. ఛాయాదేవి ల్యాబులోనే ఉండిపోయింది. టీ చల్లారిపోయినా ముట్టుకోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళడం, రావడం, గడియారం చూడడం. ఫలితం వచ్చింది. అదే అంకె.

“ఒక్క నంబరే కదండీ. తీసేస్తే సరిపోదా? మన విభాగం ప్రొఫెసరు గారు కూడా అదే అన్నారట” అంది రెబ్కా.

“తీసేస్తే ఆ అంకె అబద్ధమైపోతుందా?” ఛాయాదేవి గొంతు పెద్దదైంది. రెబ్కాకి అర్థం కాలేదు. సీసా మారిందని పట్టుబట్టిన మనిషే ఈ మాట అంటోంది.

“ఆ ఏడో నంబరు ఆవిడకి నెలసరి సరిగ్గా వస్తుందా అండీ?”

“వస్తుందనే ఫారంలో ఉంది.”

“ఫారం సంగతి సరే. నిజంగా?”

“చదువులని, రాత్రి డ్యూటీలని తిరిగేవాళ్ళకి అటూ ఇటూ అవుతుంది. అంతమాత్రాన జబ్బా?”

“అలా సరిపెట్టుకునే ఏళ్ళు పోగొట్టుకుంటారని గౌరికి మీరే చెప్పారు.”

ఛాయాదేవి ముఖం ఎర్రబడింది. “మీరు వెళ్ళి పని చూసుకోండి” అంది.

“ఆవిడని పిలిపించండి. మీ కళ్ళముందే రక్తం తీస్తాను” అంది రెబ్కా గుమ్మంలో నిలబడి.

“ఊళ్ళో లేదు.”

బుధవారం అడిగితే ఆవిడకి తీరిక లేదంది ఛాయాదేవి. గురువారం రెబ్కా ఇక ఓర్చుకోలేకపోయింది.

“చిరునామా ఇవ్వండి డాక్టరు గారూ, నేనే వెళ్తాను. నా పేరు సంగతి తర్వాత. రేపు ఆవిడకి సుగర్ వస్తే? కళ్ళు పోతే? ఎవరో ఒకరు చెప్పాలి కదా. పాపం, తనకేం లేదనుకుని తిరుగుతూ ఉంటుంది.”

ఛాయాదేవి పెన్నుకి మూత పెట్టి బల్ల మీద పడేసింది.

“మా అమ్మకి అలాగే కళ్ళు పోయాయి” అంది. తర్వాత మెల్లగా, “రేపు ఎనిమిదింటికి వస్తుంది. పరగడుపున.”

శుక్రవారం ఏడున్నరకే రెబ్కా సిరంజి మరిగించి పెట్టింది. సుగర్ పరీక్షకి తాగించడానికి గ్లూకోజు నీళ్ళు కలిపింది. ఎనిమిదైంది. ఎనిమిదీ పది. వరండాలో ఎవరూ లేరు. తను చివరికి ఏ ముఖం పెట్టుకుని ఇంటికి వెళ్ళాలో ఆలోచిస్తుండగా తలుపు తెరుచుకుంది.

ఛాయాదేవి ఒక్కతే వచ్చింది. తెల్లకోటు వేసుకోలేదు. లోపలికి వచ్చి గడియ పెట్టింది.

“ఏరండీ? ఏడో నంబరు రాలేదా?”

ఛాయాదేవి రోగుల కుర్చీలో కూర్చుని, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, రెబ్కా ముందుకి తన చెయ్యి చాపింది.