కలవని గీతలు

"క్లాసు ముందు సారీ చెబితేనే మీ అమ్మాయిని కూర్చోనిస్తాను," అన్నారు లెక్కల మాస్టారు లక్ష్మీకాంత్.

ఇంటర్వెల్ కావడంతో పదో తరగతి గది ఖాళీగా ఉంది. గ్రాఫు గీసి సాధించాల్సిన లెక్కకు ఆయన చెప్పిన జవాబు తప్పని షారోను నిన్న అందరి ముందూ అన్నది. అందుకే తండ్రిని పిలిపించారు. చాంద్రాయణగుట్టలో బస్సు డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చిన ఇశ్రాయేలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పెయ్ బిడ్డా. లొల్లి ఎందుకు?"

"ఎందుకు చెప్పాలె బాపూ? తప్పు నాది గాదు."

షారోను సుద్దముక్క తీసుకుంది. x + y = 4కి ఒక గీత, 2x + 2y = 14కి ఒక గీత గీసింది. రెండూ ఎడంగానే సాగి బోర్డు అంచుకు చేరాయి.

"గీతలు కలిసిన చోటే జవాబుంటది. ఇవి ఎంత దూరం పోయినా కలవయి. జవాబే లేదు."

"పుస్తకంలో x మూడు, y ఒకటి అనుంది. నువ్వే తప్పు గీశావు."

"అయితే మీరే గీయండి సార్."

"ఎంత పొగరండీ మీ అమ్మాయికి!"

ఇశ్రాయేలు బోర్డునే చూస్తున్నాడు. కట్టుకున్న చేతులు విప్పాడు.

"ఏడ కలుస్తున్నయో జర చూపియ్యండి సార్. చూపిస్తే సారీ నేనే చెప్త."

మాస్టారు విసురుగా సుద్దముక్క లాక్కుని రెండో గీతను మళ్లీ గీశారు. అది సరిగ్గా షారోను గీత మీదే పడింది. ఆయన డస్టర్ అందుకున్నారు.

షారోను బోర్డుకు అడ్డంగా నిలబడింది.

"తుడవొద్దు సార్. క్లాసంతా వచ్చి చూడాలె."