ఐదు మంచి మాటలు

"ఊదీసినావు. నా ఫోను మీద ఊదీసినావు, నేను సూసినాను," అన్నాడు ఫల్గుణ.

"దుమ్ము పడితే ఊదినాను. నీ ఫోనుకి జలుబు సేసిందేటి?" అంది బేబి.

"డెబ్బై మూడు మీదున్నాది. నువ్వు ఊదగానే సున్నాకెల్లిపోనాది. కనకత్తా, నువ్వే సెప్పు."

కనక కాఫీ పళ్ళ బుట్ట బోర్లించి, బండ నడిమధ్యన దాని మీద కూర్చుని ఉంది. ఎగువ ఊరికీ దిగువ ఊరికీ కలిపి తీర్పరి ఆమే. కాసేపు ఆలోచించి, "ఊదడం తప్పు కాదు. ముట్టుకుంటేనే తప్పు," అని తేల్చేసింది. ఫల్గుణ తన ఫోనుకు అడ్డంగా కూర్చున్నాడు.

టైడాలో రైలు దిగి, గంటన్నర కొండెక్కి, రొప్పుతూ అప్పుడే బండ మీదికి చేరిన సుమకు ఆ తగాదా చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆడేవాళ్ళు ఇంతలా పోట్లాడుకుంటున్నారంటే ఆట బ్రహ్మాండంగా ఉన్నట్టే.

'మహారణం' అనే ఆన్‌లైన్ ఆట విడుదలై పది రోజులైంది. దాన్ని తయారుచేసిన విశాఖపట్నం కంపెనీలో సుమ ఉద్యోగానికి శుక్రవారంతో గడువు తీరుతుంది. ఆటగాళ్ళ నుంచి ఐదు మంచి మాటలు రాసుకొస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. అంతకుముందు వచ్చిన అభిప్రాయాలన్నీ ఆడపిల్లల చేతికివ్వదగ్గవి కావని మేనేజరు దుర్గాప్రసాద్ తన గదిలోనే దాచుకున్నాడు. ఈ ఒక్క కొండ మీద మాత్రం ఇరవై ఫోన్లు రోజుకు ఐదేసి గంటలు మహారణంలోనే ఉంటున్నాయట, ఒక్క తిట్టూ రాలేదట. ఎందుకో కనుక్కురమ్మన్నాడు.

"ఈ గుంటెవర్రా?" అంది కనక.

సుమ చెప్పుకుంది. కంపెనీ నుంచి మనిషొచ్చిందని తెలిసి అందరూ జరిగి చోటిచ్చారు. ఫోన్లన్నీ బండ మీద వరసగా పడుకుని ఉన్నాయి. సుమ పుస్తకం తీసి, "ఈ ఆటలో మీకేం నచ్చింది?" అని అడిగింది.

"కొట్టుకోడం, సంపుకోడం ఉండదు మేడమ్," అన్నాడు ఫల్గుణ.

సుమ పెన్ను ఆగింది. ఆమె విశాఖంతా అంటించిన పోస్టర్లలో నూట ఇరవై ఆయుధాలున్నాయి. అయినా ఉద్యోగం గుర్తొచ్చి, 'కుటుంబ సమేతంగా ఆడదగినది' అని రాసుకుంది.

"ముట్టుకోనక్కర్లేదమ్మా," అన్నాడు మంగ్లు తాత. "నా సేతి ఏళ్ళు వంకర్లు పోనాయి. అయినా మొన్న గెలిసినాను."

'వాడకం అతి సులభం' అని రాసుకుంది.

"మబ్బొచ్చిందంటే మళ్ళీ మొదటికే. ఎంతటోడికైనా అదే," అంది బేబి.

'వాతావరణాన్ని గుర్తించగల అత్యాధునిక సాంకేతికత.' ఈ ముక్క రాస్తున్నప్పుడు సుమకే ఒళ్ళు పులకరించింది.

"ఓపిక నేర్పుతాది," అంది కనక. "మా ఇంటాయన పెళ్ళైన కాడినుంచీ ఒక్క సోట పావుగంట కూకున్నోడు కాదు. ఇప్పుడు పొద్దుగూకినదాకా కదల్డు."

'ఆటగాణ్ణి కట్టిపడేస్తుంది.' నాలుగయ్యాయి. ఇంకొక్కటి దొరికితే సాయంత్రం రైలు అందుకోవచ్చు.

ఇంతలో ఎగువ ఊరివాళ్ళు కేరింతలు కొట్టారు. "తొంభై తొమ్మిది! తాత ఫోను తొంభై తొమ్మిది!" దిగువ ఊరివాళ్ళు తలలు పట్టుకున్నారు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ తోటలో ఒక పూట కాఫీ పళ్ళు కోసిపెట్టాలి. అదీ పందెం.

సుమ సంబరంగా వంగి తాత ఫోనులోకి చూసింది. గుర్రం మీద కత్తి పట్టుకున్న వీరుడి బొమ్మ. దాని కింద సన్నటి గీత. గీత పక్కన తొంభై తొమ్మిది శాతం. 'దయచేసి వేచి ఉండండి.'

పక్క ఫోను చూసింది. గుర్రం, వీరుడు, అరవై రెండు. ఆ పక్కది నలభై. ఆమె మెల్లగా నిటారైంది.

"అత్తా, ఇది ఆట కాదు. ఆట తెరుచుకునే ముందు వచ్చే బొమ్మ."

కనక బుట్ట మీద నుంచి లేచొచ్చి ఆ బొమ్మలోకి తొంగి చూసింది.

"మరి ఆటేటి?" అంది కనక.

"లోపల ఉంటుంది."

"నువ్వు సూసినావా?"

"మా ఆఫీసులో ఆటలు ఆడనివ్వరు," అంది సుమ, తల దించుకుని.

ఎవరూ నవ్వలేదు. మంగ్లు తాత ఫోనుకేసి జాలిగా చూశాడు. "మా కొండకి సిగ్నలు సాలదమ్మా, ఎంతసేపు కూకున్నా తొంభై తొమ్మిది దాటదు. టైడాలో దొరకదు, ఇంటికాడ దొరకదు. అందుకే ఇంతెత్తెక్కి కూకుంటన్నాం. మా తప్పే. మీ ఆపీసోల్లకి కోప్పడొద్దని సెప్పు."

సుమకు ఆ మాట ఎక్కడో తగిలింది. నాలుగు మంచి మాటలూ రాసిన కాగితం చింపి సంచిలో కుక్కేసింది. బండ చివరికి నడిచి దుర్గాప్రసాద్‌కు ఫోను చేసింది.

"సార్, ఇక్కడ ఎవరూ ఆడటం లేదు. ఆట అసలు తెరుచుకోవడమే లేదు. తొంభై తొమ్మిది దాకా వచ్చి ఆగిపోతోంది. సిగ్నల్ లేదనుకుని పాపం రోజూ కొండెక్కి కూర్చుంటున్నారు. నా ఉద్యోగం పోతే పోయింది గానీ ఈ మనుషుల పేరు మీద అబద్ధం రాయలేను సార్."

అవతల గది తలుపు మూసిన చప్పుడైంది.

"సిగ్నల్ లేదనే అనుకుంటున్నారా?" అన్నాడు దుర్గాప్రసాద్, గొంతు బాగా తగ్గించి.

"అవును సార్."

"అయితే నీ ఉద్యోగానికి ఢోకా లేదమ్మా. వాళ్ళనలాగే అనుకోనీ. తొంభై తొమ్మిది తరవాతది మనం ఇంకా తయారు చెయ్యలేదు."